రెండు జతల పెడళ్లు

అందరికన్నా ముందొచ్చి కూర్చోవడం రాజేశ్వర్‌కు చదువుకునే రోజుల నుంచీ ఉన్న అలవాటు. పరీక్ష హాలు తాళం తీయకముందే వరండాలో నిలబడి, పెన్ను రాస్తుందో లేదో అరచేతి మీద గీసి చూసుకునేవాడు. ఇప్పుడూ అంతే, దుబాయ్‌కు దూరంగా షౌకా కొండల కింద కార్లు ఆపుకునే గులకరాళ్ల జాగాలో అతని కారొక్కటే ఉంది, తూర్పున నలుపు ఇంకా పూర్తిగా విడవలేదు, కొండలు ఏ రంగువో చెప్పే వెలుతురు రాలేదు, ఆపేసిన ఇంజన్ బానెట్ కింద చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది. కారు వెనక స్టాండు మీద సైకిల్. పక్క సీట్లో పాత తువ్వాలు, తువ్వాలు మీద ఫ్యాక్టరీలో తోటి ఉద్యోగి నాగబాబు ఇచ్చిన పెడళ్ల జత, సీటు కింద నాగబాబు ఇచ్చిన బూట్ల జత. సైకిల్‌కు ఇప్పుడున్నవి మామూలు ఫ్లాట్ పెడళ్లు, వెడల్పుగా, అడుగు జారకుండా చిన్న చిన్న ఇనుప మొలకలతో ఉంటాయి, కాలు ఎప్పుడంటే అప్పుడు తీసి నేల మీద పెట్టుకోవచ్చు. తువ్వాలు మీదివి వేరే జాతి. అరచేతిలో ఇమిడేంత ఉంటాయి, బూటు అడుగునున్న ఇనుప ముక్కను వాటి దవడల్లోకి తొక్కితే టక్కున పట్టేసుకుంటాయి, విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి, తిప్పితే గానీ వదలవు. క్లిప్పున్నదానికి క్లిప్‌లెస్ అని పేరు పెట్టినోడెవడో మా ఊరోడై ఉంటాడండీ గురువుగారూ, అని నాగబాబే నవ్వాడు. వారం వారం కలిసి తొక్కే మిగతావాళ్లు వచ్చేలోపల పానాతో పాతవి విప్పి కొత్తవి బిగించాలి. లేదా బిగించకూడదు. ఏదో ఒకటి తేలాలి, ఎందుకంటే ఈ రోజు తొక్కబోయేది రాళ్ల మెట్ల దారి, పోయిన రెండు వారాలూ అతని కాలు పెడల్ మీద నిలవకుండా జారిపోయిన దారి.

చదువుకున్నవాడు గనక దీన్నీ చదివాడు. ఫ్లాట్ మంచిదా క్లిప్ మంచిదా అని ఫోన్లో ఎన్ని వీడియోలు చూశాడో, కొత్తవాళ్లు ఫ్లాట్‌తోనే మొదలుపెట్టాలని ఒకడంటాడు, క్లిప్‌కు మొదట్నుంచే అలవాటు పడాలని ఇంకొకడంటాడు, అందరూ ఒక్క భయం గురించే మాట్లాడుకుంటారు, పడబోయేటప్పుడు కాలు ఊడిరాకపోతే ఎట్లా అని. ఎవడూ అతని భయం గురించి చెప్పలేదు. ఎవడైనా చెప్తాడేమోనని చివరి దాకా చూశాడు. ఫ్లాట్ పెడల్ మీద కాలు ఎందుకు నిలుస్తుంది, అరికాలికి తెలుస్తుంది గనక, ఇక్కడ మొలక గుచ్చుకుంటోంది, ఇక్కడ అంచు దొరికింది, కొంచెం వెనక్కి, కొంచెం లోపలికి, అని అరికాలు తనంతట తాను సర్దుకుంటుంది గనక. మనిషికి ఆ సంగతి తెలియనే తెలియదు. తెలియకపోవడమే ఆరోగ్యం కాబోలు. పోయిన వారం కాలు జారి పెడల్ గిర్రున వెనక్కి తిరిగి మొలకలు మోకాలి కింద ఎముకలో దిగినప్పుడు నొప్పి భగ్గుమంది, అమ్మా అన్నాడు, అంటూనే లోపల్లోపల ఎంత సంతోషమైందో, ఇక్కడిదాకా ఉన్నది, ఇక్కడిదాకా నాదే అని. నాగబాబు నీళ్ల సీసాతో రక్తం కడిగి, ముక్కు చిట్లించి, రేపే నా పాత క్లిప్పులు తెచ్చిత్తానండీ, ఇంక మీ కాలు జారే సమస్యే ఉండదు అన్నాడు. సమస్యే ఉండదు. ఆ ముక్క వారమంతా చెవిలో తిరిగింది. కాలికి తెలియకపోయినా పెడల్ పట్టుకుని ఉంటుంది. కాలు ఎక్కడుందో కాలు చెప్పక్కర్లేదు, టక్కుమనే చప్పుడు చెవికి చెప్తుంది, ఇంకెవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు.

అద్దం కొంచెం దించాడు. చలి లోపలికొచ్చింది, జనవరి చలి, రాత్రంతా చల్లారిన రాళ్ల వాసనతో. ఎక్కడో మేక గొంతు. అప్పుడు ఆ గింజ గుర్తొచ్చింది, గుర్తురాని పూట లేదు, నెల కింద ఇదే దారిలో సగంలో ఆగినప్పుడు అందరూ రాళ్ల మీద కూర్చుని ఖర్జూరాలు పంచుకున్నారు, నీకు షుగర్ కదా అని ఎవరూ అనలేదు, ఒకటి తిన్నాడు, బూటు విప్పి ఇసుక దులుపుకున్నాడు, మళ్లీ తొడుక్కుని మిగిలిన దారంతా తొక్కి, బండి నడుపుకుంటూ ఉమ్ అల్ క్వైన్‌లోని ఇంటికెళ్లిపోయాడు. సాయంత్రం భార్య కల్పన బాల్కనీలో బూట్లు దులుపుతూ నవ్వింది, "ఓ సారూ, గిదేంది, గింజను బూట్ల పెట్టుకొని తొక్కినవా? అది మొలుస్తదా అని చూస్తున్నవా?" ఆ నవ్వుకు బిడ్డ కూడా పరుగెత్తుకొచ్చి నవ్వింది. అతనూ నవ్వాడు. స్నానాల గది తలుపేసుకుని కాలు ఎత్తి చూసుకుంటే అరికాలి మధ్యలో గింజ అచ్చు, గింజ నడుమ ఉండే గాడితో సహా, ముద్ర గుద్దినట్టు నల్లగా కమిలి ఉంది. వేలితో నొక్కాడు. వేలికి కాలు తెలిసింది, కాలికి వేలు తెలియలేదు. నీళ్లు కారుతున్నాయి కుళాయిలోంచి, ఆపకుండా అట్లాగే నిలబడ్డాడు, కల్పన తలుపు తట్టేదాకా. ఆ తర్వాత చెప్పు సంగతి కూడా ఉంది. ఒక కాలి చెప్పు గడప బయటే ఊడిపోతే తెలియక, రెండో కాలి చెప్పుతో హాల్లోకొచ్చి సోఫాలో కూర్చున్నాడు. అప్పుడూ కల్పన నవ్వింది. రెండోసారి నవ్వు కొంచెం తొందరగా ఆగింది, అతను గమనించాడు, గమనించనట్టు టీవీ పెట్టాడు.

ఫ్యాక్టరీలో కూలీల బూట్లు తెప్పించే పని అతనిదే. అల్యూమినియం తలుపులూ కిటికీలూ చేసే ఫ్యాక్టరీ, ప్రతి ఏడూ కొత్త బూట్లొచ్చిన రోజు షెడ్డులో బల్ల వేసుకుని కూర్చుంటాడు, ఒక్కొక్కరూ తొడుక్కుని నిలబడితే ఒకటే ప్రశ్న అడుగుతాడు, వేళ్లు ముందర తగుల్తున్నయా, ఉంగ్లీ లగ్తా హై క్యా. ఎందుకంటే కూలీలు మొహమాటపడతారు, దొరికిందే చాలనుకుంటారు, తగులుతున్నా తగల్లేదంటారు, అలాంటివాళ్లను పట్టుకోవడం అతనికి బాగా తెలుసు, ముఖం చూస్తే చెప్పేస్తాడు, తీసెయ్ తీసెయ్, ఒక సైజు పెద్దది తీస్కో, యల్లా. మొన్న నాగబాబు తన పాత క్లిప్పు బూట్లు తొడిగించి అదే ప్రశ్న అడిగాడు, వేళ్లు తగుల్తన్నాయాండీ? సరిపోయినయి, అన్నాడు రాజేశ్వర్, ముఖంలో ఏమీ లేకుండా. నాగబాబు నాణ్యత చూసే సెక్షన్‌లో ఉంటాడు, గాజు మీద వెంట్రుకవాసి గీత కూడా కనిపెట్టేస్తాడు, ఇది మాత్రం కనిపెట్టలేదు.

పాసవడం అలవాటైపోయింది, అదీ అసలు జబ్బు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటివాడు, డిగ్రీ పట్టా ఆ ఇంటి గోడకు ఎక్కిన మొదటి కాగితం, కాబట్టి ఎక్కడ ఎవరు ఏం అడిగినా తప్పు చెప్పకూడదు, ఫెయిలవకూడదు, అంతమంది కలిసి నిన్ను చదివించింది అందుకు కాదు. క్లినిక్‌లో మలయాళీ డాక్టరమ్మ కాళ్లు చాపి పడుకోమంది, కళ్లు మూసుకో, నేను ఈ సన్న దారంతో అరికాలిని తాకుతాను, తాకినప్పుడల్లా ఎస్ చెప్పు అంది. మూసుకున్నాడు. మొదటిసారి ఆమె గాజు గలగలమంది, ఎస్ అన్నాడు. రెండోసారి ఆమె ఊపిరి తీసి వంగింది, ఎస్. అప్పటికి లయ దొరికిపోయింది, ఇన్ని అంకెలు లోపల లెక్కపెట్టుకుంటే మళ్లీ తాకుతుంది, ఎస్, ఎస్, ఎస్, ఒక్కటీ తప్పకుండా, లోపల చిన్న గర్వం కూడా. కళ్లు తెరిచి చూస్తే ఆమె దారాన్ని పక్కన పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "చివరి నాలుగుసార్లు నేను తాకలేదు," అంది మెల్లగా. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. పెద్ద ఆస్పత్రికి వెళ్లమంది, రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోమంది, ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో నడవొద్దంది, బిగుతు బూట్లు వద్దంది, కార్ నడుపుతావా అని అడిగింది. ఈ చివరి ప్రశ్నకు కూడా అతను సరైన జవాబే చెప్పాడు, ఎప్పుడన్నా ఒకసారి మేడమ్ అన్నాడు, రోజూ పొద్దున బిడ్డను బడి దగ్గర దింపేది అతనే.

బాపు కూడా ఇట్లాగే చెప్పేవాడు, ఏం గాలే బిడ్డా, ఏం గాలే. బాపు అంటే నాన్న, గంగారాం, ధర్మపురి దగ్గరి పల్లె నుంచి దుబాయ్ పోతున్నానని చెప్పి అల్ ఐన్‌లో తేలినవాడు, ఒక అరబ్బు మజ్రా తోటలో ఖర్జూరపు చెట్లకు కాపలా, చెట్టు చుట్టూ తాడు తిప్పి నడుముకు కట్టుకుని వెనక్కి వాలి ఎక్కేవాడు, ఆకుల మొదట్లో ఉండే ముళ్లు ఒక్కొక్కటీ జానెడు, వాటిని కొట్టేస్తే గానీ గెలల దగ్గరికి చెయ్యి పోదు. ఫోన్ చేసినప్పుడు ఆ ముళ్ల గురించి కథలు చెప్పేవాడు. ఒక సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే చెప్పులోంచి అరికాల్లోకి ముల్లొకటి దిగి విరిగి ఉందట, ఎప్పుడు దిగిందో తెలియదట, చూసినావురా నా కాలు ఎంత గట్టిదో, ముల్లు కూడా ఏం జేస్తలేదు, అని నవ్వాడు బాపు, ఫోన్లో ఆ నవ్వు అటునుంచి ఇటు రావడానికి కొంచెం ఆలస్యమయ్యేది, కన్నతల్లి అవ్వ కూడా నవ్వింది, పుస్తకం పట్టుకుని అతనూ నవ్వాడు, మా బాపు కాలు గట్టిది. ఎంత మంది నవ్వారో ఆ కాలు గురించి విని. రెండు తోటల మధ్య బాపు సైకిల్ మీద తిరిగేవాడు, ఒక తోటలో పొద్దున నీళ్లు, ఇంకో తోటలో సాయంత్రం నీళ్లు. ఆ సైకిల్ అసలు కథ మాత్రం బాపు చెప్పలేదు. గొలుసు జారి పడ్డ బిడ్డా, కాలు మీద పికప్ ఎక్కింది, అన్నాడు, మోకాలి కింద తీసేశారు, కర్రతో ఇంటికొచ్చాడు, కరోనా ఏట తాను పోయేదాకా గొలుసు జారిందనే చెప్పాడు.

షావలి చెప్పాడు. రాయచోటి షావలి, బాపుతో ఒకే గదిలో ఉండి వంట చేసినవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజేశ్వర్ అల్ ఐన్ వెళ్లి వెతుక్కుని కలిశాడు, మోటారు గది గోడకు ఆనించిన సైకిల్ చూపించాడు షావలి, దుమ్ము కొట్టుకుని, టైర్లు నేలకు అంటుకుపోయి. ఎడమ పెడల్‌కు రబ్బరు తొడుగు ఎప్పుడో పోయింది, ఉత్త ఇనుప ఊచ, ఊచకు సైకిల్ ట్యూబు చీల్చి కట్టిన నల్లటి పట్టీ, సగంలో కోసేసి వేలాడుతోంది. "మీ నాయన కాలు పెడల్ మీద నిలస్తా ఉండ్లేదు నాయనా. జారి జారి పోతాండె. మేనేజరు, ఆ ముదీర్ చూస్తే ఇంటికి పంపిస్తాడని, పొద్దున్నే కాలును పెడల్‌కు కట్టుకునేటోడు. నాకు తప్ప ఎవురికీ తెలీదు. ఆ పొద్దు మలుపు కాడ సైకిల్ ఒరిగింది, కాలు రాలా. నేనే ఉరికిపొయ్యి కత్తితో కోసినా. నీకు డిగ్రీ అయ్యేదాకా చెప్పొద్దు షావలీ అన్న్యాడు, అయినంక ఎందుకు చెప్పలేదో నాకు తెల్దు." అప్పుడు రాజేశ్వర్‌కు అర్థమైంది కష్టం ఒక్కటే, త్యాగం ఒక్కటే, కన్నీళ్లు తెచ్చుకున్నాడు, ఆ పట్టీ ముక్కను తెచ్చుకుందామనుకుని తెచ్చుకోలేదు. అర్థం కానిది ఇప్పుడు అర్థమవుతోంది. బాపు కాలును కట్టేసింది పెడల్‌కు కాదు. ఎవరూ అడక్కుండా నోటికి కట్టుకున్న కట్టు అది.

తువ్వాలు మీద పెడళ్లు తెల్లారే వెలుతురులో కొంచెం మెరిశాయి, నాగబాబు నూనె పెట్టి తుడిచి ఇచ్చాడు, శ్రద్ధగల మనిషి. వీటిని కట్టు అని ఎవరంటారు, స్పోర్ట్స్ అంటారు, నేర్పరితనం అంటారు, పొద్దున తీసిన ఫోటో సాయంత్రం గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు చూపిస్తారు, రాజేశ్వర్ భాయ్ క్లిప్‌కు మారిండు. ఇంకో ఏడాది ఎవరికీ తెలియదు. ఏడాది తర్వాత సంగతి ఏడాది తర్వాత. కానీ కారు బ్రేక్‌కు ఏ క్లిప్పు బిగిస్తావు? ఈ ప్రశ్న దగ్గరికొచ్చినప్పుడల్లా మనసు జారిపోయేది, ఇవాళ ఎటూ పోవడానికి లేదు, ముందు అద్దం, అద్దం అవతల కొండ. బడి దగ్గర సిగ్నల్, పోయిన మంగళవారం, ఎర్ర లైటు, బిడ్డ వెనక సీట్లో ఏదో ఎక్కం చెప్తోంది, ముందు కారు దగ్గరికి వస్తోంది, ముందు కారెందుకు వెనక్కి వస్తోందని అతను అనుకున్నాడు, నిజంగా అలాగే అనుకున్నాడు, బిడ్డ బాపూ అని అరిచినప్పుడు కిందికి చూశాడు, కాలు బ్రేక్ మీద లేదు, పక్కన ఉంది, బ్రేక్ మీదే ఉన్నానని కాలు అబద్ధం చెప్తూ కూర్చుంది. చెయ్యి బ్రేకు లాగాడు. జానెడు దూరం. బిడ్డ ఎక్కం మర్చిపోయింది, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది. అమ్మకు చెప్పకు అని అతను అనలేదు, అనకుండానే బిడ్డ చెప్పలేదు, ఆ సంగతే అన్నిటికన్నా భయం వేసింది, ఏడేళ్ల పిల్లకు అప్పుడే వచ్చేసింది, ఈ ఇంటి విద్య, ఏం గాలే.

అయినా పానా చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి పెట్టి చూస్తే తప్పేముంది, చూడకుండా కాదనడం ఎట్లా, అని ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటూ దిగి సైకిల్ దించాడు. ముందు ఎడమదే, రెండింట్లో ఎక్కువ పాడైన కాలిది. ఎడమ పెడల్‌కు మర ఎదురు, అన్నిటినీ విప్పినట్టు విప్పితే ఇంకా బిగుసుకుంటుంది, ఇదీ చదువుకున్నాడు, అటు తిప్పి బలంగా ఒక్క తోపు తోస్తే కిర్రుమని లొంగింది. నాగబాబుదాన్ని బిగించాడు. బూట్లు తొడుక్కుని, నాడాల బదులున్న పట్టీలు లాగి, సీటు మీద కూర్చుని ఒక చెయ్యి కారు పైకప్పు మీద ఆనించి, ఎడమ కాలు కిందికి నొక్కాడు. ఏమీ లేదు. కొంచెం ముందుకు జరిపి నొక్కాడు. టక్. ఎంత చక్కటి చప్పుడు. ఒంట్లో ఎముకేదో తన చోట తాను కూర్చున్నట్టు. పెడల్ పైకొస్తే కాలు పైకొచ్చింది, కిందికి పోతే కిందికి, జారలేదు, ఎన్ని నెలల తర్వాత ఆ కాలు చెప్పిన మాట విన్నదో, అతనికి ఏడుపొచ్చినంత పనైంది, కారు మీది చెయ్యి తీసేసి కుడికాలితో రెండు తొక్కులు తొక్కాడు, గులకరాళ్ల మీద చక్రం మెత్తగా పోయింది, జాగా మధ్యలోకి, మళ్లీ మలుపు తిప్పాడు, ఇంతే కదా, ఇంతే, వేగం తగ్గింది, కాలు దించాలి, మడమ బయటికి, తిప్పాడు. తిప్పాననుకున్నాడు. ఆకాశం పక్కకు తిరిగింది.

పడ్డంక ముందు తెలిసింది భుజం, తర్వాత మోచెయ్యి, గులకరాళ్లు చెంపకు చల్లగా. సైకిల్ అతని మీద, చక్రం ఇంకా తిరుగుతోంది. తల ఎత్తి చూస్తే ఎడమ కాలు పెడల్‌కే ఉంది. తిప్పు, అన్నాడు దానితో. అది తిరిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది, కళ్లకు మాత్రం కదిలినట్టు లేదు, ఎవరిదో కాలు, ఎవరో మర్చిపోయి వెళ్లిన కాలు, మళ్లీ తిప్పు అన్నాడు, తుంటి దాకా బలం పెడితే సైకిలే మొత్తం ఈడ్చుకొచ్చింది. చేతులు బూటు పట్టీల దాకా అందడం లేదు. ఆ రోజు బాపు కూడా ఇలాగే చూసి ఉంటాడు, తన కాలును తాను, దూరం నుంచి. పికప్ వస్తున్న చప్పుడు విని ఉంటాడు. ఇక్కడ ఏ పికప్పూ లేదు, మేక గొంతు మళ్లీ ఒకసారి, కొండ మొనకు ఎరుపు తగిలింది. అరిచినా వినేవాళ్లు లేరు, అరవాలనీ లేదు, వింతగా ఉంది, పడుకున్న చోట ఒక రకమైన విశ్రాంతి, ఇంక దాచడానికి ఏ వైపూ మిగల్లేదు గనక. చాలాసేపటికి రోడ్డు మీంచి లైట్లు ఇటు తిరిగాయి.

"అయ్యయ్యో, లేవకండి, లేవకండి, అలాగే ఉండండి," అంటూ నాగబాబు కారు తలుపు కూడా వేయకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఏవన్నా ఇరిగిందాండీ?"

"ఇరగలే."

"ఏం పర్లేదండీ, క్లిప్పెట్టుకున్న పెతీవోడూ ఇలా పడాల్సిందే. నేనైతే మా అత్తోరి ముందరే పడ్డాను, ఆవిడ కారు దిగి, అబ్బాయికి మూర్ఛ ఉందని ముందే చెప్పలేదేంటండీ అని మా నాన్నని నిలదీసింది." నవ్వుతూనే మోకాళ్ల మీద కూర్చుని సైకిల్ పైకెత్తి పట్టుకున్నాడు. "ఆఁ, ఇప్పుడు మడమ బయటికి తిప్పండి. తేలిగ్గా."

"తిప్పిన."

"లేదండీ, తిప్పలేదు."

"తిప్పిన నాగబాబూ."

నాగబాబు అతని ముఖం చూశాడు, కాలు చూశాడు, బూటు పట్టీలు విప్పి కాలును బయటికి లాగాడు. బూటు పెడల్‌కే ఉండిపోయింది. సాక్స్ ముందు భాగంలో, బొటనవేలు దగ్గర, తడిగా ఎర్రటి మరక. బిగుతు బూటు, కాసేపటి పనికే.

"ఇది సరిపోయిందన్నారు కదండీ," అన్నాడు నాగబాబు, ఇప్పుడు గొంతులో నవ్వు లేదు.

రాజేశ్వర్ లేచి కూర్చున్నాడు. చేతులకు అంటిన మట్టి దులుపుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు, దులపడానికేమీ లేకపోయినా. మిగతావాళ్ల కార్లు ఇంకా రాలేదు, వస్తే ఇది జరగదు, అతనికి తెలుసు, నలుగురుంటే మళ్లీ పాసైపోతాడు. "ఒక పని జెయ్. ఆ సాక్స్ తీసి, నా అరికాలు ముట్టుకో. నేను కండ్లు మూసుకుంట. ముట్టుకున్నప్పుడు చెప్త."

"పొద్దున్నే కాళ్లు పట్టుకోమంటారేంటండీ గురువుగారూ, ఇంక్రిమెంటేవన్నా ఇప్పిస్తారా?"

అని, రాజేశ్వర్ నవ్వకపోవడం చూసి, నాగబాబు సాక్స్ మెల్లగా ఒలిచాడు.

కళ్లు మూసుకున్నాడు. రెప్పల మీద ఎరుపు పడుతోంది, సూర్యుడు కొండ దాటుతున్నట్టున్నాడు. చెవులు వాటంతటవే పనిలోకి దిగాయి, నాగబాబు చొక్కా గరగర, మోకాలి కింద గులకరాయి కదిలిన చప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు తాకుతాడు, ఎస్ అనేయ్, నాలుక చివర దాకా వచ్చింది, పళ్లతో పట్టుకున్నాడు, వినకు, లెక్కపెట్టకు, ఒక్కసారి, జన్మకొక్కసారి, రానిదాన్ని రాదని రాయి, ఖాళీ కాగితం ఇచ్చి లేచి బయటికి రా, బయట ఎవరుంటారో ఉండనీ. అరికాలి దిక్కుకు మనసును పంపాడు, మోకాలు దాటింది, మొన్న మొలకలు దిగిన పుండు దగ్గర కొంచెం చురుక్కుమంది, అది దాటాక మెట్లు లేని బావిలో దిగుతున్నట్టు, చీకటి, దూది, ఏమీ లేదు, ఇంకా దిగాడు, బాపూ నువ్వు ఇక్కడున్నావా ఇన్నేళ్లూ, ఇంత చప్పుడు లేని చోట, ఒక్కడివే. గాలి ముఖానికి తగిలింది, చెవులకు తగిలింది, చేతి మీది వెంట్రుకలకు తగిలింది. నాగబాబు ఎందుకు ఆలస్యం చేస్తున్నాడు. మొహమాటపడుతున్నాడేమో. ఇంకా కొంచెం ఆగాడు.

"ముట్టుకో నాగబాబూ," అన్నాడు. "ఏం గాదు. ముట్టుకో."

చెవులు మళ్లీ గులకరాయి చప్పుడు కోసం వెతికాయి.

"ఎప్పుడో పెట్టానండీ," అన్నాడు నాగబాబు చివరికి, గొంతు ఎక్కడో కిందనుంచి. "చెయ్యి ఇంకా దాని మీదే ఉంది."

రాజేశ్వర్ కళ్లు తెరవలేదు. జేబులో తడుముకున్నాడు, వేళ్లకు కారు తాళంచెవి తగిలింది, చల్లగా, పళ్లు పళ్లుగా, ఒక్కొక్క పన్నూ తెలిసేలా. దాన్ని తీసి నాగబాబు గొంతు వినిపించిన వైపు చాచి పట్టుకున్నాడు.